నర్సమ్మగారి తగువు జాడీ

ఆరేళ్ళ తర్వాత మా బావ నాకు ఫోన్ చేశాడు. చేసి, నేను హలో అనేలోపే, "నర్సమ్మగోరు పోనారు. పొద్దున ఆరింటికి. నీకు సెప్పాల గదాని సేసేను," అని పెట్టేశాడు.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. అంత బాధలోనూ సిగ్గులేని ఆలోచన ఒకటి వచ్చింది. మా ఇద్దరినీ మాట్లాడించాలని ఆరేళ్ళు నానా తంటాలూ పడ్డ మనిషి, చివరికి తాను పోయి మాట్లాడించారు. ఈ సంగతి ఆవిడకే ముందు చెప్పాలనిపించింది. చెప్తే పడీ పడీ నవ్వేవారు.

మా ఊళ్ళో గవరపాలెం వైపు వాళ్ళకి ఆవిడని పరిచయం చెయ్యక్కర్లేదు. మీ తుంటి మీద ఆవిడ పొడిచిన సూది గుర్తు ఒకటైనా ఉండే ఉంటుంది. మిగతా వాళ్ళ కోసం చెప్తున్నాను. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు రావికమతం దగ్గర ఒక పల్లె. నేను పుట్టి పెరిగిన వీధిలో, ఇప్పుడు మా అక్కా బావా ఉంటున్న ఇంటి పక్కనే, రెండు గదుల పెంకుటింట్లో ముప్పై ఏళ్ళకు పైగా అద్దెకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదమ్మా అని ఎవరైనా అడిగితే, "డ్యూటీలో ఉన్నాను, సెలవు దొరకలేదు," అనేవారు. అసలు పేరు ఎవరూ పిలవగా వినలేదు. రేషను కార్డులో చూస్తే, ఇదెవరి పేరబ్బా అనుకునేవాళ్ళం.

రిటైరయ్యాక తెల్లచీరలు మానేసి పువ్వుల వాయిలు చీరల్లోకి వచ్చేశారు గానీ, ఎడమ భుజం కింద పిన్నుతో తలకిందులుగా వేలాడే గడియారాన్ని మాత్రం వదల్లేదు. గుడ్డు ఉడకబెట్టినా దాన్ని చూసే. చుట్టాలొచ్చి అరగంట దాటితే మాటల మధ్యలో దాన్ని ఎత్తి చూసుకునేవారు. చుట్టాలు లేచేవాళ్ళు.

ఇక అసలు సంగతికి వస్తాను. నర్సమ్మగారు ఇంట్లో ఒక పానీయం చేసేవారు. తేనె, పళ్ళు, మసాలా దినుసులు కలిపి నెలల తరబడి పులియబెట్టినది. ఆవిడ దాన్ని తేనెరసం అనేవారు. వీధి వీధంతా నర్సమ్మ టానిక్కు అనేది. మీరేదో ఊహించుకోకండి. ఆదివారం భోజనమయ్యాక ఒక్క ఔన్సు, అదీ ఆసుపత్రిలో మందు పోసే గీతల గ్లాసుతో కొలిచి తాగేవారు. ఎవరికైనా పోసినా అంతే. ఇంకొంచెం అని గ్లాసు చాపితే, "ఇదేటి, కాఫీ ఓటలనుకున్నావా? డోసంటే డోసే," అనేవారు.

మాది బెల్లం ఊరు. మునగపాక వైపు నుంచి బెల్లం దిమ్మలు బళ్ళకొద్దీ వచ్చి పడే చోట ఒక మనిషి తేనెతో పానీయం చెయ్యడమంటే మా వాళ్ళకి అవమానంగా ఉండేది. "బెల్లమేటి సేసిందమ్మా పాపం?" అని మా అమ్మ నిష్ఠూరమాడేది. దానికి ఆవిడ దగ్గర ఒక కథ ఉండేది. విశాఖపట్నంలో నర్సు ట్రైనింగు అవుతున్నప్పుడు హాస్టలు గదిలో ఆవిడతో పాటు ఒక మలయాళీ అమ్మాయి ఉండేదట. ఆ అమ్మాయి ఏటా క్రిస్మస్‌కి ద్రాక్షపళ్ళూ పంచదారా లవంగాలూ దాల్చినచెక్కా జాడీలో వేసి మంచం కింద తోసేది. వార్డెను అడిగితే ఊరగాయ అని ఇద్దరూ కూడబలుక్కుని చెప్పేవాళ్ళు. ట్రైనింగయ్యాక ఈవిడకి మొదటి ఉద్యోగం కొండల్లో పడింది. అక్కడ ద్రాక్ష లేదు, పంచదార దొరకడం కష్టం. కానీ ఆవిడ చేతి మీదుగా కానుపైన ప్రతి ఇంటి నుంచీ సీసాడు తేనె వచ్చేది. "నా ఇంట్లో ఉన్నదాంతో సేసుకున్నాను. బెల్లం మీద నాకు పగేటి?" అనేవారు.

ఎలా చేసేవారో రాస్తాను. ఎవరూ రాసుకోలేదు, నేనైనా రాయకపోతే పోతుంది. ఆసుపత్రిలో పాతసామానుగా పడేసిన పెద్ద గాజు సీసా ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. దాన్ని వేణ్ణీళ్ళతో మూడుసార్లు కడిగి ఎండబెట్టాలి. ఒక వంతు తేనెకి మూడు వంతులు కాచి చల్లార్చిన నీళ్ళు. అందులో కాలాన్ని బట్టి పళ్ళు. వేసవిలో జీడిమామిడి పళ్ళు, తొలకరికి నేరేడు, తర్వాత కొండ అనాస. గింజలు తీసి, చేత్తో పిసికి వెయ్యాలి. మిక్సీలో వేస్తే చేదు దిగుతుందని పోట్లాడేవారు. పది లవంగాలు, వేలెడు దాల్చినచెక్క, ఆరు మిరియాలు, చితక్కొట్టిన శొంఠి. బేకరీలో అడిగి తెచ్చిన ఈస్టు చిటికెడు. సీసాకి బిగువైన బిరడా, బిరడాలోంచి ఒక సెలైన్ గొట్టం, ఆ గొట్టం చివర నీళ్ళున్న చిన్న సీసాలో మునిగి ఉండాలి. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

మర్నాటికి బుడగలు మొదలయ్యేవి. అప్పుడు చూడాలి ఆవిడని. ముక్కాలిపీట లాక్కుని, సీసా మీద అరచెయ్యి వేసి, గడియారం ఎత్తిపట్టుకుని నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెట్టేవారు. "ముప్పై ఆరు. నాడి బాగున్నాది," అనేవారు. చలికాలంలో మరీ తగ్గితే సీసాకి పాత శాలువా చుట్టేవారు. రోజురోజుకీ లెక్క తగ్గుతూ వచ్చి, నెలా నెలన్నరకి బుడగ ఆగిపోయేది. అప్పుడు ఆసుపత్రిలో కట్లు కట్టే గాజుగుడ్డలో వడకట్టి, పింగాణీ జాడీలోకి మార్చి, మూత చుట్టూ తెల్ల ప్లాస్టరు అంటించేసేవారు. ఇక అక్కణ్ణించి ఎంతకాలం ఉంచితే అంత మంచిది. కానీ మధ్యలో తెరవకూడదు. ఈ ఒక్క విషయంలో ఆవిడ మహా కఠినం. "మూత తీసీ మూత తీసీ గాలి తగిలించేవంటే ఎనిగరైపోద్ది. మరింక ఉల్లిపాయలు నానబెట్టుకోడానికే," అనేవారు.

తగువు జాడీల సంప్రదాయం ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలీదు. మా వీధిలో ఏ ఇద్దరికి మాటలు ఆగిపోయినా నర్సమ్మగారు ఊరుకునేవారు కాదు. రాజీ చెయ్యడానికి వెళ్ళేవారూ కాదు. ఇద్దరినీ విడివిడిగా పిలిచి, ఒకళ్ళ చేత పళ్ళు పిసికించి, రెండోవాళ్ళ చేత దినుసులు వేయించి, ఒక జాడీ పెట్టేవారు. ఇద్దరూ కలిసి వచ్చి అడిగితేనే ఆ జాడీ తెరిచేది. జాడీ మెడకి ఆసుపత్రి అట్టముక్క కట్టి, దాని మీద కేసు రాసేవారు. పేషెంట్లు ఫలానా, ఫలానా. రోగం ఇది. చేరిన తేదీ ఇది.

మురుగునీళ్ళ దగ్గర తగువు పడ్డ ఒక తోడికోడళ్ళ జంట ఇరవై రోజులకే నవ్వుకుంటూ వచ్చేశారు. ఆవిడకి కోపం వచ్చింది. "ఇంకో రెండు నెల్లు కొట్టుకోలేకపోనారా? బుడగ కూడా ఆగలేదు, తీపి తీపిగా ఉంటాది," అని తిడుతూనే పోశారు. గోడ దగ్గర జాగా కోసం నాలుగేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ముల జాడీ తెరిచినప్పుడు వీధంతా వాసన చూడ్డానికి వెళ్ళాం. ఎంత మొండి కేసైతే అంత మంచి రుచి అని ఆవిడ మాట. ఆ రోజు నిజమే అనిపించింది.

ఆ వాసన చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో నేనూ మా బావా పక్కపక్కనే ఉన్నాం. అప్పటికి మేం అలాంటి బావా బావమరుదులం. ఆయనకి మెయిన్ రోడ్డులో ట్రాక్టరు స్పేర్ పార్టుల కొట్టు. నాకు కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రం ఆఫీసవగానే ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటేగాని నాకు పొద్దు గడిచేది కాదు. అలాంటిది, పనసపొట్టు కూర దగ్గర చెడింది.

ఊరి రెండో చివర నేను ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశం నాడు భోజనాలకి ఆవపెట్టిన పనసపొట్టు కూర చేయించాను. బావకి ప్రాణం. ఇంటల్లుడై ఉండీ తువ్వాలు నడుముకి చుట్టి, మొదటి బంతిలో అందరికీ తానే ఆ కూర వడ్డించాడు. రెండో బంతిలో తను కూర్చునేసరికి గిన్నె ఖాళీ. "ఏటోయ్, నాకు కూరేదీ?" అని ఆయన నవ్వుతూనే అడిగాడు. నేను బంతి మధ్యలో నిలబడి, నలుగురూ వినేటట్టు, "వడ్డించినప్పుడే సగం గరిట నోట్లో పడుంటాది కదా బావా, మళ్ళీ విస్తట్లోకి కూడానా?" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. బావ నవ్వలేదు. అన్నం కలిపిన చెయ్యి విదిలించి, విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

తినే విస్తరి ముందు నుంచి మనిషి లేచిపోవడమంటే మా వైపు ఎంత మాటో మీకు తెలుసు. పైగా ఇంటల్లుడు. నేను వెంటనే వెళ్ళి చెయ్యి పట్టుకోవాల్సింది. సరదాకన్న మాటకి ఇంత చేస్తాడా అని నాకు పౌరుషం. ఆ పౌరుషమే ఆరేళ్ళు నడిచింది. అక్క మధ్యలో నలిగిపోయింది. మా ఇంటికి వస్తే ఒక్కతే వచ్చేది, గంట తిరక్కుండా వెళ్ళిపోయేది.

వారం తిరక్కుండా నర్సమ్మగారు నాకు కబురు పెట్టారు. వెళ్ళేసరికి సీసాలో నేరేడుపళ్ళు పిసికి ఉన్నాయి. ఎవరు పిసికారో అడగక్కర్లేదు, బల్ల మీద ట్రాక్టరు గ్రీజు మరకలున్నాయి.

"ఏటిరా గుంటడా, అలగ ముకం ఏలాడేసుకొచ్చేవు? ఆ లవంగాలు పది లెక్కెట్టి ఎయ్యి," అన్నారు.

నాకప్పటికి నలభై దాటి చాలాకాలమైంది. ఆవిడకి మాత్రం నేను గుంటణ్ణే. లవంగాల పొట్లం విప్పుతూ నా గోడు మొదలుపెట్టాను. అసలు బావ ఏమనుకుంటున్నాడు, నలుగురిలో నా పరువు ఏం కావాలి, ఇల్లు కట్టుకున్న రోజున... అని చేతులు తిప్పుతూ చెప్తున్నాను. చూసేసరికి చేతిలో ఉత్త కాగితం ఉంది. పొట్లం పొట్లమంతా సీసాలో తేలుతోంది.

ఆవిడ సీసాలోకి చూసి, నా మొహంలోకి చూసి, "పది ఎయ్యమన్నాను," అన్నారు.

"తీసేద్దామాండీ?"

"ఒగ్గీ. మీ ఇద్దరి కోపానికీ సరిపోద్ది."

ఆ జాడీ మెడలో అట్టముక్క మీద ఇలా రాశారు. పేషెంట్లు, బావ, బావమరిది. రోగం, పనసపొట్టు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే కింద ఇంకో మాట కలిసింది. మొండి.

నాకు చిన్నప్పటి నుంచీ గొంతు మెత్తన. వాన చినుకు పడితే పట్టేస్తుంది. పట్టేసినప్పుడల్లా నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళేవాణ్ణి, బావ కొట్లో ఉండే వేళ చూసుకుని. కూర్చోబెట్టి, టార్చి వేసి నోట్లోకి చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, ఔన్సు గ్లాసుతో తిరిగి వచ్చేవారు. లవంగం ఘాటు చెవుల్లోంచి పోయేది. "ఇది ఏ జాడీలోదండీ?" అని ఒకసారి అడిగాను. "నీకెందుకు? మింగు," అన్నారు. నాలుక మొద్దెక్కి, మర్నాటికి గొంతు విడేది. నిజం చెప్పాలంటే మా ఇంటి పక్కనే క్లినిక్కు ఉంది. అయినా ఆవిడ తిట్లు తినకుండా జలుబు తగ్గినట్టు ఉండేది కాదు.

గ్లాసు ఖాళీ చెయ్యగానే ప్రతిసారీ అదే మాట. "మీ జాడీ అలగే ఉన్నాది. ఇద్దరూ కలిసి రండి, తీత్తాను."

"ఆయన రమ్మంటే వస్తానండీ."

"ఆడూ అదే సెప్పేడు. సిగ్గులేదు ఇద్దరికీ."

ఒకసారి ఆవిడకి ఓపిక నశించింది. ఒక మధ్యాహ్నం నాకు ఫోను. "కాలిరిగిపోనాదిరా, బేగి రా." స్కూటరు మీద ఎలా వెళ్ళానో నాకే తెలీదు. వెళ్ళేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నారు, కుడికాలికి మోకాలి దాకా పిండికట్టు. ఎదురుగా బావ. ఆయనకీ అదే ఫోను వెళ్ళిందన్నమాట. నన్ను చూడగానే బావ లేచి గుమ్మం దాటాడు. ఆయన వెళ్తే నేనెందుకు ఉండాలని నేనూ చెప్పులేసుకున్నాను. వెనక నుంచి, "ఒరే! ఆగండ్రా! ఇద్దరూ ఆగండి!" అని కేక. తిరిగి చూస్తే నర్సమ్మగారు విరిగిన కాలితో మెట్లు దిగి గేటు దాకా పరుగెత్తుకొచ్చేశారు. తానే కట్టుకున్న కట్టు సంగతి ఆవిడకి గేటు దగ్గర గుర్తొచ్చింది. బావ ఒకవైపు, నేను ఒకవైపు నిలబడి నవ్వు ఆపుకోలేక చచ్చాం. కానీ ఒకళ్ళ వైపు ఒకళ్ళం చూసుకోకుండా నవ్వాం. అంత మొండితనం దేనికైనా పనికొచ్చే విషయంలో చూపించి ఉంటే ఈపాటికి నాకు ప్రమోషను వచ్చేది.

పోయే ముందు నెలలో వెళ్ళినప్పుడు ఆవిడ బాగా తగ్గిపోయారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ రోజు నా గొంతు బాగానే ఉంది, ఊరికే చూడ్డానికి వెళ్ళాను. అయినా లేచి లోపలికి వెళ్ళారు. వద్దన్నా వినలేదు. గ్లాసు అందిస్తుంటే చీర మీద రెండు చుక్కలు ఒలికాయి. నేను తాగుతుంటే మొహంలోకి చూస్తూ, "జాడీ తేలికైపోతన్నాదిరా. బేగి రండి," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఒంట్లో బాగోక ఏదో అంటున్నారనుకున్నాను. "ఎండలు తగ్గనీండి నర్సమ్మగారూ, వస్తాం," అన్నాను. ఆవిడ గడియారం ఎత్తి చూసుకున్నారు. చుట్టాల కోసం చూసుకునే తీరు కాదది. ఎండలు తగ్గాయి. తొలకరి వచ్చింది. ఆవిడ వెళ్ళిపోయారు. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి ఒక మనిషి చెయ్యి పట్టుకోవడానికి నాకు ఆరేళ్ళు చాలలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతోంది.

రావికమతం నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి కర్మకాండ జరిపించాడు. ఆ రోజుల్లో నేనూ బావా వచ్చి, చెరో చివర నిలబడి వెళ్ళిపోయేవాళ్ళం. పన్నెండో రోజు భోజనాలయ్యాక ఇల్లు ఖాళీ చేస్తూ, సామానంతా పంచిపెట్టేసి, గడియారాన్ని మా అక్క చేతిలో పెట్టాడు. లోపలి గదిలో ఒక్క జాడీ మిగిలింది. అక్క నాకు ఫోను చేసింది. "తమ్ముడూ, మీ జాడీ నీ ఇంటికి పట్టుకెళ్తావో, ఈయన కొట్టుకి పట్టుకెళ్తాడో, ఇద్దరూ వచ్చి తేల్చుకోండి. నాకు ఈ రాయబారాలు సాలు," అంది. అక్క గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

వెళ్ళాను. అక్క వసారాలో బావ కూర్చుని ఉన్నాడు. పలకరింపులేమీ లేవు. జాడీ తేవడానికి పక్కింట్లోకి నేనే వెళ్ళాను. నిండు జాడీ, బరువుంటుందని గట్టిగా ఊపిరి తీసుకుని, నడుం బిగించి ఎత్తాను. అది గాలిబుడగలా లేచి వచ్చేసింది. వెనక్కి తూలి తలుపుకి కొట్టుకున్నాను. "ఏటైనాదోయ్?" అని బావ పరుగెత్తుకొచ్చాడు. ఆయన జాడీని అటూ ఇటూ ఊపి చూశాడు. అడుగున ఎక్కడో గలగలమంది.

"ఎవడో తాగీసేడు," అన్నాడు బావ.

"నర్సమ్మగారింట్లోనా? ప్రాణమ్మీద ఆశున్నోడెవడైనా తాగుతాడా?" అంది అక్క.

మూత చూస్తే ప్లాస్టరు పిడికిలంత మందం ఉంది. బావ కొట్టు మనిషి కదా, పెట్రోలు గుడ్డ తెచ్చి అంచు నానబెట్టి గోరుతో లాగాడు. మొదటి చుట్టు ఊడింది. దాని మీద నీలం బాల్‌పెన్నుతో నెలా సంవత్సరమూ రాసి ఉన్నాయి. ఆసుపత్రిలో కట్టు మార్చినప్పుడల్లా తేదీ వేసే అలవాటు ఆవిడకి చివరిదాకా పోలేదు. కింద ఇంకో చుట్టు, ఇంకో నెల. దాని కింద ఇంకోటి.

"ఇది మొన్న నేను వచ్చి వెళ్ళిన నెల," అన్నాను, అందరికంటే పైదాన్ని చూపించి.

బావ రెండోది చదివి ఆగిపోయాడు. "ఈ నెల్లో నాకు గొంతు పట్టేసింది. నర్సమ్మగోరు ఔన్సు పోసేరు. లవంగం ఘాటు... సెవుల్లోంచి..."

"మొద్దెక్కిపోయేదా నాలుక?"

"నీకూ అదే పోసీవోరా?"

మూడోది నాది. దాని కింద వరసగా రెండు బావవి. ఆ కిందది ఇద్దరిదీ, ఆ వానాకాలం ఊరంతా జలుబే. కొంతసేపటికి లెక్కపెట్టడం మానేశాం. మూత తీసి అక్క గ్లాసుల్లో పోసింది. నోట్లో పోసుకోగానే బావ కళ్ళు మూసేసుకున్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ మందనుకుని గుటుక్కున మింగడంతో తెలీలేదు గానీ, అచ్చంగా వెనిగర్. అందులో పొట్లం లవంగాలు.

మధ్యలో తెరవకూడదని వీధి వీధికంతా పాఠం చెప్పిన మనిషి, తన చేతి జాడీల్లోకెల్లా పాతదాన్ని తానే తెరిచి తెరిచి పాడుచేసుకున్నారు. ఇద్దరూ కలిసి వస్తేనే ఇస్తానని బెట్టు చేస్తూ, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళకి ఔన్సు ఔన్సు పోస్తూనే ఉన్నారు. ఆరేళ్ళూ నేనూ బావా ఒక్క జాడీలోదే తాగుతున్నాం. ఆ సంగతి తెలిసింది ఆవిడ ఒక్కరికే. నాకు ఏడుపొచ్చింది. పక్కన బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు, వెనిగర్ ఘాటుకి అని ఇప్పటికీ అంటాడు.

"ఆ రోజు ఆ మాట నేను అనకూడదు బావా," అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత, "కూర బాగున్నాదా? అదైనా సెప్పు," అన్నాడు.

"నాకూ అందలేదు. మొదటి బంతిలోనే అయిపోయింది కదా."

"ఓరి నీ... ఆ మాట అప్పుడే సెప్పి సావొచ్చు గదేటి!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అక్క గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కూరొండి తింటే గాని మమ్మల్ని కదలనివ్వలేదు. పనసపొట్టు దొరకలేదు, వంకాయే. బావ మూడుసార్లు వేయించుకున్నాడు.

తర్వాత వారం, కొండ మీద నుంచి ఒకాయన తేనె డబ్బా భుజాన వేసుకుని వచ్చాడు. తన పెద్ద కొడుకు నర్సమ్మగారి చేతుల్లో పుట్టాడట, అప్పట్నించీ ఏటా ఈ రోజుల్లో తెస్తాడు. తాళం వేసిన తలుపు చూసి, సంగతి విని, మెట్ల మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగాక, "మరి ఈ తేనె ఏటి సెయ్యమంతారు? మళ్ళీ ఎనక్కి మొయ్యలేను బాబూ," అన్నాడు.

నేనూ బావా మొహాలు చూసుకున్నాం. ఆవిడ సామానులో అక్క వాటాకి వచ్చిన గాజు సీసా అటక మీదే ఉంది. బావ బజారుకెళ్ళి నేరేడుపళ్ళు తెచ్చి పిసికాడు, ఈసారి చేతులు సబ్బుతో కడుక్కుని. లవంగాల పొట్లం మాత్రం నా చేతికివ్వలేదు. పది తీసి, ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టి, "ఇయ్యే. మాటాడకుండా ఎయ్యి," అన్నాడు. సెలైన్ గొట్టం కొత్తది కొన్నాం. బిరడా మేం బిగించాక నాలుగుసార్లు గాలి పోయింది. ఆవిడ ఒక్కసారికే బిగించేసేవారు.

నిన్న ఆదివారం. భోజనమయ్యాక ముక్కాలిపీటలు రెండు లాక్కుని సీసా ముందు కూర్చున్నాం. గడియారం బావ పట్టుకున్నాడు. నేను సీసా మీద అరచెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. నిమిషం అయ్యేసరికి నాకు ముప్పై నాలుగు బుడగలు వచ్చాయి. బావ ముప్పై ఆరు అన్నాడు.

"గడియారం సూసేవాడివి నువ్వు, బుడగలు నువ్వెప్పుడు సూసేవు బావా?" అన్నాను.

"నీకు లెక్కలెప్పుడొచ్చేయని?" అన్నాడు.

లోపల్నించి అక్క, "మళ్ళీ మొదలెట్టేరా? అట్టముక్క కట్టీమంతారా?" అని కేకేసింది. ఇద్దరం గప్‌చిప్. బావ గడియారం పైకెత్తాడు. గొట్టం చివర ఒక బుడగ ఊరి, ఉబ్బి, పైకి తేలి పగిలింది. ఒకటి, అన్నాం ఇద్దరం.